హనుమంతుడి తోక ఎత్తబోయిన గోకు

తమిళనాట ఏళాయిరంపన్నై చుట్టుపక్కల బొమ్మ అంటే పెట్టె మీదో గోడ మీదో పడేదే. అగ్గిపెట్టె లేబులు, టపాకాయల డబ్బా, గోడకు వేలాడే శివకాశి క్యాలెండరు: మూడింటికీ బొమ్మ కావాలి. 1920ల మొదట్లో శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల పని నేర్చుకొచ్చారు. అగ్గిపెట్టెకు లేబులు కావలసివచ్చింది, లేబులుకు అచ్చు కావలసివచ్చింది, అచ్చు కోసం గీసేవాళ్లు కావలసివచ్చారు. వానలు మొహం చాటేసే నల్లరేగడి నేల మీద, సాత్తూరుకీ శివకాశికీ కోవిల్‌పట్టికీ మధ్య, ఇన్ని వేల ఇళ్లు గడిచింది ఆ గొలుసు వల్లనే.

ఏళాయిరంపన్నైలో తరతరాలుగా ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలున్నాయి. అలాంటి ఒక ఇంట్లో మేనమామకూ మేనకోడలికీ మధ్య దీపావళికి ముందు మొదలైన వాదన ఇది. మామ శివకాశి ఆఫ్‌సెట్ ప్రెస్సులో రీటచింగ్ పనిలో జీవితమంతా గడిపి ఇంటిపట్టున ఉంటున్నాడు. కోడలు కోవిల్‌పట్టిలో కాలేజీ చదువుతూ రాత్రిళ్లు టాబ్లెట్ మీద యానిమే బొమ్మలు గీస్తుంది. ఆమె వేసిన గోజో సతోరు బొమ్మ చూసి టపాకాయల యూనిట్ నడిపే పరిచయస్తుడొకాయన, పెట్టె మీదకు అలాంటిదే ఒకటి వేసిమ్మని అడిగాడు. డబ్బు ఇస్తానన్నాడు. చిక్కు అక్కడే వచ్చింది.

"చెయ్యి ఇంత తిరిగినదానివి, ఎవరో కన్నబిడ్డకు నువ్వు చొక్కా తొడిగి ఫోటో తీసినట్టుంది పాపా," అన్నాడు మామ. "ఆ కళ్లగంతలవాడు నీవాడా?"

"నావాడు కాదు. గెగె అకుతామి అని ఒక జపాన్ రచయిత సృష్టి. 2018 నుంచి 2024 దాకా 'జుజుత్సు కైసెన్' అని వారంవారం గీశాడు. సరే మామా, కొండయ్య రాజు లక్ష్మిని కన్నాడా?"

మామ దగ్గర ఆ పేరెత్తడం తేలిక కాదు. ఆయనకు పని నేర్పినవాళ్లకు పని నేర్పింది కొండయ్య రాజు శిష్యులే. సి. కొండయ్య రాజు 1898లో పుట్టాడు. మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదివాడు, తిరువణ్ణామలైలో రమణాశ్రమంలో కొంతకాలం ఉన్నాడు, నాటక కంపెనీల్లో తెరలకు రంగులు వేశాడు. 1940ల్లో కోవిల్‌పట్టిలో స్థిరపడి, శిష్యులను చేరదీసి, దేవుడి పటాలు వేశాడు. శివకాశి అచ్చు యంత్రాలు వాటిని దక్షిణాది వంటిళ్లకూ అంగళ్లకూ చేర్చాయి. 1976లో ఆయన పోయేనాటికి చాలా ఇళ్లలో దేవుడి ముఖం అంటే ఆయన దిద్దిన ముఖమే.

"ఆయనకు ముందు రవివర్మ ఉన్నాడు కదా," కోడలు వదల్లేదు. "1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి లక్ష్మినీ సరస్వతినీ చీర కట్టించి అచ్చు వేశాడు. కొండయ్య రాజు ఆ లక్ష్మిని చూసే తన లక్ష్మిని దిద్దుకున్నాడు. వెనకాల సెలయేళ్లు, మబ్బులు నాటకం తెరల నుంచి తెచ్చాడు. ముఖంలో కాస్త గుండ్రం, కళ్లలో కాస్త నవ్వు, ఇంకొన్ని నగలు. ఉన్న పాత్రను ప్రేమించి, తన చేత్తో మళ్లీ వేశాడు. దాన్ని మేం ఫ్యాన్ ఆర్ట్ అంటాం."

"భక్తినీ ఫ్యానునీ ఒక తక్కెట్లో వెయ్యకు. లక్ష్మికి హక్కుదారు లేడు. లక్ష్మి బొమ్మ వేస్తే ఎవరి కూడూ పోదు."

మామ మాటలో బలముంది. అయితే హక్కుదారు లేకపోవడం ఒక సంగతి, సొంత కల్పన లేకపోవడం ఇంకో సంగతి. ఆయన రెండింటినీ కలిపే మాట్లాడుతున్నాడు, కోడలు విడదీయాలని చూస్తోంది. ముందు కల్పన సంగతే తేల్చుకుందామని ఆమె టాబ్లెట్ ముందు పెట్టింది. తెర మీద గోజో కాకుండా వేరే బొమ్మ ఉంది. అడవి దారిలో ముసలి కోతి ఒకటి అడ్డంగా పడుకుని ఉంది. దాని తోకను రెండు చేతులా పట్టుకుని, పళ్లు బిగించి ఎత్తబోతున్నాడు చిక్కుజుట్టు కుర్రాడొకడు. వాడికీ తోక ఉంది. జపాన్ బొమ్మల కథ 'డ్రాగన్ బాల్'లోని గోకు.

మామ కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు. ఆయన ముందు చూసింది కథను కాదు, గీతను. హనుమంతుడి తోక మొదట్లో గీత లావుగా బయలుదేరి, వంపు దగ్గర ఒత్తిడి తగ్గి, చివర వెంట్రుకంత సన్నబడి ఆగింది. "ఇది నిబ్బు గీత కదా," అన్నాడు. ఒకప్పుడు సాత్తూరు పెన్ను నిబ్బులకు పేరుమోసిన ఊరు. బాల్‌పెన్ను వచ్చాక ఆ పని సన్నగిల్లింది. ఇనుప నిబ్బును ఒత్తితే రెండు మొనలూ విచ్చుకుని గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది. జపాన్‌లో మాంగా వేసేవాళ్లు వాడే జీ-పెన్ను పని తీరూ అంతేనని, యాప్‌లో అదే పేరుతో ఒక బ్రష్ ఉందని, వేలి ఒత్తిడిని స్టైలస్ పసిగడుతుందని కోడలు చూపించింది. ఆయన స్టైలస్ తీసుకుని ఒక మూల నాలుగు వెంట్రుకలు గీశాడు. రెండు బాగా కుదిరాయి. చెరపవద్దని ఆమె అంది.

ఆ తర్వాత పాత్రల దగ్గరకు వచ్చారు. ఇద్దరి ఉత్సాహమూ ఇక్కడే కట్టలు తెంచుకుంది.

"తోకలున్నాయని ఇద్దర్నీ జతచేశావు. అది పైపైన చూసే చూపు," అన్నాడు మామ.

"పైపై చూపు కాదు మామా. అకిరా తొరియామా 1984లో గోకును మొదలుపెట్టింది చైనావాళ్ల 'పడమటి యాత్ర'లోని కోతిరాజు సున్ వుకోంగ్ నుంచే. పేరూ అదే, జపాన్ ఉచ్చారణలో సోన్ గోకు. ఎంతకైనా సాగే కర్రా, ఎక్కి తిరిగే మబ్బూ అక్కడివే. ఆ కోతిరాజుకు మూలం మన హనుమంతుడేనని హూ షి అనే చైనా పండితుడు వాదించాడు. లూ షున్ ఒప్పుకోలేదు, చైనాలోనే పుట్టాడన్నాడు. ఆ తగవు నేను తీర్చలేను. ఇద్దరూ ఎదురుపడితే ఏమవుతుందో మాత్రం గీయగలను."

"ఎదురుపడితే ఏమవుతుంది? నీ గోకు ఏమంటాడు?"

"యుద్ధం చేద్దాం రమ్మంటాడు. బలవంతుణ్ణి చూస్తే వాడికి పండగ. పగ ఉండదు, గెలవాలన్న దురాశ ఉండదు, ఎదుటివాడి బలం రుచి చూడాలి అంతే."

"హనుమంతుడు రాడు," అని ఆయన ఖాయంగా చెప్పాడు. "ఆయనకు సరదా యుద్ధం లేదు. పని మీద వెళ్తాడు, పని చేసుకుని వస్తాడు. లంక కాల్చినా అంతే. పైగా మునుల శాపం ఉంది. ఇంకొకరు గుర్తుచేస్తేనే ఆయన బలం ఆయనకు తెలుస్తుంది. సముద్రం ఒడ్డున జాంబవంతుడు చెప్పేదాకా ఓ మూల కూర్చున్నాడా లేదా? బలమంతా ఉండి బలం గురించిన ఊసే లేనివాడు. నీవాడికి నిద్రలో కూడా బలం ఊసే."

"అందుకే యుద్ధం వెయ్యలేదు. తోక వేశాను. భీముణ్ణి హనుమంతుడు పరీక్షించింది అలాగే కదా?"

సౌగంధిక పుష్పం కోసం బయలుదేరిన భీముడు దారిలో ముసలి కోతి తోకను కదపలేక గర్వం దిగిన కథ భారతంలో ఉంది. అది కూడా రామాయణంలోని పాత్ర భారతంలోకి వచ్చి పలకరించే ఘట్టమే. ఒక యుగం వీరుడు ఇంకో యుగం వీరుడికి దారిలో అడ్డంగా పడుకున్నాడు. రెండు కథల పాత్రలను కలపడాన్ని ఇప్పటి పిల్లలు క్రాసోవర్ అంటారు. వ్యాసుడి దగ్గరే దానికి నమూనా దొరుకుతుంది.

మామ ఒక్కసారిగా తొడ చరిచాడు. "చూశావా, నీ గోకుకు తోడు దొరికేది హనుమంతుడిలో కాదు, భీముడిలో! తిండి చూడు. వాడు గిన్నెలు గిన్నెలు లాగిస్తాడన్నావు మొన్న. భీముడు వృకోదరుడు. వాడికి కల్లాకపటం తెలియదన్నావు. అన్నదమ్ముల్లో కోపమొచ్చినా ఆకలేసినా దాచుకోనివాడు భీముడే. కపటమున్నవాడు ఆ మబ్బు ఎక్కలేడన్నావు కదా, భీముణ్ణి ఎక్కించు, ఎక్కుతాడు."

కోడలు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమె తెచ్చిన అభ్యంతరం బాగుంది. భీముడు తోక దగ్గర సిగ్గుపడ్డాడు. గోకు సిగ్గుపడడు. ఎత్తలేకపోతే నవ్వి, ఇది ఎలా చేస్తున్నావు తాతా, నాకు నేర్పు అని కాళ్ల దగ్గర కూర్చుంటాడు. భీముడికి పోయింది గర్వం. గోకుకు పోవడానికి గర్వమే లేదు. ఒకే పరీక్షలో ఇద్దరూ వేర్వేరుగా బయటపడతారు.

"అయితే బొమ్మ మార్చు," అన్నాడు మామ. "పళ్లు బిగించిన ముఖం భీముడిది. నీవాడి ముఖంలో నవ్వు ఉండాలి. ఓడిపోతున్నా నవ్వు."

ఒక పాత్రను కొత్త చోట నిలబెట్టి, ఇక్కడ ఇతను ఇలా చెయ్యడు అని పట్టుకోగలిగితే, ఆ పాత్ర ఎవరో అప్పుడే తెలుస్తుంది. మంచి ఫ్యాన్ ఆర్ట్ విమర్శ చేసే పని చేస్తుంది, వ్యాసానికి బదులు గీతతో. ఎవరి బలం ఎన్ని మెట్లు అని పట్టికలు వేసుకునే వాదనల్లో ఇది దొరకదు. ఆ పట్టికల్లో హనుమంతుడూ గోకూ రెండు అంకెలు మాత్రమే.

మన రంగస్థలం ఈ కిటుకును ఎప్పుడో పట్టుకుంది. కృష్ణార్జునుల మధ్య యుద్ధం వ్యాసభారతంలో లేదు. గయుడనే గంధర్వుణ్ణి చంపుతానని కృష్ణుడి శపథం, కాపాడతానని అర్జునుడి అభయం. పోట్లాడకూడని ఇద్దరికీ తప్పించుకోలేని కారణం కల్పించి యుద్ధం పెట్టారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం 'గయోపాఖ్యానం' నాటకం ఊరూరా ఆడింది. 1963లో కె.వి. రెడ్డి 'శ్రీకృష్ణార్జున యుద్ధం' తీసినప్పుడు కృష్ణుడు ఎన్టీఆర్, అర్జునుడు అక్కినేని. తెర మీద రెండు పాత్రలు, తెర బయట రెండు అభిమాన వర్గాలు. 1975లో బాపు 'శ్రీరామాంజనేయ యుద్ధం' తీశాడు. హనుమంతుణ్ణి రాముడి మీదకే నిలబెట్టడానికి ఎంత బలమైన కారణం కావాలో ఆలోచిస్తే, సరదా యుద్ధానికి ఆయన రాడన్న మామ మాట ఎంత సరైనదో తెలుస్తుంది.

'మాయాబజార్' సంగతి సరేసరి. వ్యాసుడి భారతంలో శశిరేఖే లేదు. 1957లో సినిమా తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. ఈ ప్రాంతం వాళ్లు తమిళంలో చూశారు కాబట్టి మామకు అభిమన్యుడు అంటే జెమినీ గణేశన్. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు మాత్రం రెండు భాషల్లోనూ ఒక్కడే.

"మీరు భోజనం మానేసి చెప్పే సినిమాలన్నీ క్రాసోవర్లే," అంది కోడలు.

"వాటిని రాసినవాళ్లు చదివి రాశారు."

"మేమూ చదువుతాం. ఇటాచీ గురించి విన్నారా? 'నరుటో'లో తన వంశాన్ని తనే తుడిచిపెట్టినవాడు. మొదట పరమ దుర్మార్గుడు. కథ ముందుకు వెళ్లాక, ఊరు కోసం, తమ్ముడి ప్రాణం కోసం ఆ పని ఒప్పుకున్నాడని తెలుస్తుంది. వాడు చేసింది తప్పా ఒప్పా అని మేం రాత్రులు రాత్రులు తగువులాడుకుంటాం. కొందరు క్షమించేశారు. నేను క్షమించలేదు. తమ్ముణ్ణి బతికించాడు గాని తమ్ముడి జీవితాన్ని పగకు అప్పగించాడు. నేను ఇటాచీని వేస్తే ముఖం ఎప్పుడూ సగమే కనిపిస్తుంది."

మామ ఒప్పుకున్నట్టు తల ఊపాడు. 1977 సంక్రాంతికి వచ్చిన 'దానవీరశూర కర్ణ'లో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడూ తానే వేసి, దుర్యోధనుడి చేత తన పక్షం తాను చెప్పించుకున్న రోజుల్లోనూ ఇలాంటి తగువులే జరిగాయి. చెడ్డవాడికి వకాల్తా పుచ్చుకోవడం మనకు కొత్త కాదు.

కోడలు ఇంకొక పేరు చెప్పింది, ఓల్గా. ఆమెకు తెలుగు మాట్లాడటం వచ్చు, లిపి రాదు. తమిళనాట పెరిగిన తెలుగు పిల్లల్లో చాలామందిది ఇదే పరిస్థితి. అందుకని 'విముక్త' కథలను ఇంగ్లీషు అనువాదంలో చదివింది. 2015లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకమది. అందులో సీత అడవిలో శూర్పణఖను కలుస్తుంది. ముక్కుచెవులు పోయిన శూర్పణఖ తోట పెంచుకుంటూ, తనను తాను మళ్లీ నిర్మించుకుని ఉంటుంది. వాల్మీకి కలపని ఇద్దర్ని ఓల్గా కలిపింది. "నాకు గీయాలని ఉన్నది ఆ తోట, మామా. జపాన్ ముఖాలతోనే. తప్పా?"

"1992లో జపాన్‌వాళ్లే రామాయణం తీశారు కదా," అన్నాడు ఆయన. యుగో సాకో, కోయిచి ససాకి, మన రామ్‌మోహన్ కలిసి దర్శకత్వం వహించిన యానిమే అది. జపాన్‌వాళ్లు మన రాముణ్ణి కార్టూనుగా తీయడమేమిటని మొదట్లో అభ్యంతరాలు వచ్చాయి. 2025 జనవరిలో తెలుగు, తమిళ డబ్బింగులతో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు మామ చూశాడు. కళ్లు పెద్దవైనా రాముడు రాముడే అనిపించాడట. ఆ మాట కోడలికి చాలు.

అయినా టపాకాయల పెట్టె సంగతి మిగిలే ఉంది.

"ఇంట్లో గీసుకో, స్నేహితులకు చూపించు, గోకును భీముడి పక్కన కూర్చోబెట్టి అన్నం పెట్టు. పెట్టె మీద మాత్రం వద్దు," అన్నాడు మామ. "అక్కడ బొమ్మ సరుకు అమ్ముతుంది. చూసే పిల్లవాడు ఇది ఆ జపాన్‌వాళ్లు చేసిన టపాకాయే అనుకుంటాడు. మాకు ఎన్ని లేబుళ్లు వచ్చేవో తెలుసా? పక్కవాడి సరుకు బాగా పోతోందంటే, అదే రంగు, అదే అంచు, కోడి ఉన్నచోట నెమలి పెట్టి తెమ్మనేవాళ్లు. మేం రీటచ్ చేసి ఇచ్చేవాళ్లం. ఆ పని నాకు ఏ రోజూ ఇష్టం లేదు."

"జపాన్‌లో ఇలాంటి బొమ్మలనే పుస్తకాలుగా వేసుకుని అమ్ముకుంటారు. 1975 డిసెంబరు నుంచి టోక్యోలో కొమికెట్ సంత జరుగుతోంది. వేరేవాళ్ల పాత్రలతో అభిమానులు సొంత కథలు గీసి బల్లల మీద పెట్టుకుని అమ్ముతారు. ప్రచురణకర్తలు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఎందుకంటే రేపటి చిత్రకారులు అక్కడి నుంచే వస్తారు. క్లాంప్ అని నలుగురు ఆడవాళ్ల బృందం ఉంది, అలాంటి సంతల్లో అభిమానులుగా మొదలైనవాళ్లే. తర్వాత తమ పాత కథల పాత్రలను కలిపి 'త్సుబాసా' అనే పెద్ద క్రాసోవరే రాశారు. 2018 చివర జపాన్‌లో కాపీరైట్ చట్టాన్ని బిగించినప్పుడు కూడా ఇలాంటి అభిమానుల పుస్తకాల జోలికి పోకుండా రాసుకున్నారు."

"ఆ సంతలో కొనేవాడికి ఇది అభిమాని గీసిందని తెలుసు. డబ్బా కొనే తండ్రికి తెలుసా? ఇంకొకటి. అక్కడ అమ్మేది గీసినవాళ్లే. ఇక్కడ నీకు ఒకసారి డబ్బిస్తారు, అక్కడితో సరి. లక్ష పెట్టెలు అచ్చయినా నీకు ఇంకో రూపాయి రాదు, ఆ జపాన్ మనిషికి ఒక్క రూపాయీ రాదు. క్యాలెండర్ల కాలం నుంచీ ఇక్కడ ఇదే పద్ధతి. గీసినవాడి దగ్గర బొమ్మను ఒక్కసారి కొనేస్తే, ఆ పైన అచ్చంతా ప్రెస్సువాళ్లదే. కొండయ్య రాజుకు పేరైనా మిగిలింది, పటం కింద సంతకం ఉండేది. పెట్టె మీద నిన్ను సంతకం చెయ్యనిస్తారా?"

ఆమె దగ్గర దీనికి జవాబు లేదు. చట్టం కూడా మామ పక్షమే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ల దాకా హక్కు బతికే ఉంటుంది. తొరియామా 2024 మార్చిలో పోయాడు కాబట్టి, మన దేశంలో గోకు 2084 చివరి దాకా ఎవరో ఒకరి ఆస్తి. అకుతామి బతికే ఉన్నాడు. సొంతంగా నేర్చుకోవడానికీ, విమర్శించడానికీ చట్టంలో కొంత చోటుంది. టపాకాయల డబ్బా ఆ చోటులోకి రాదు.

"నేను వెయ్యకపోతే ఆయన కంప్యూటర్‌తో వేయించుకుంటాడు మామా," అంది ఆమె. ఈసారి గొంతులో కోపం లేదు, భయం ఉంది. "2025 మార్చిలో చూశారుగా, ఊరంతా వాళ్ల పెళ్లి ఫోటోలను జపాన్ జిబ్లీ స్టూడియో తరహా బొమ్మలుగా మార్పించుకున్నారు. ఒక్క నిమిషం పట్టలేదు. మీరు ప్రెస్సులో వద్దనుకున్న పనిని ఇప్పుడు యంత్రం వద్దనకుండా చేస్తుంది. అప్పుడు నాకు మిగిలేదేంటి?"

ఆ యంత్రం హనుమంతుడి తోకను అందంగానే వేస్తుంది. గోకు ముఖంలో పళ్లు బిగించాలా, నవ్వు ఉండాలా అన్న తగువు దానికి రాదు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో తేలిన అసలు విషయం ఆ తగువే. టపాకాయల యూనిట్ ఆయన దానికి డబ్బిస్తాడా అంటే, ఇవ్వకపోవచ్చు. మామకూ ఆ సంగతి తెలుసు. అందుకే తేలిగ్గా ధైర్యం చెప్పి సరిపెట్టలేదు. లేచి ఫోను తెచ్చాడు.

"ఆయనకు నేను చెప్తా. గోజో కుదరదు, ఘటోత్కచుణ్ణి వేసిస్తుందని చెప్తా. టపాకాయకు అంతకంటే తగినవాడు ఎవడు? గద ఉంది, మాయ ఉంది, నవ్వు ఉంది. ఏ దేశం వాడి అనుమతీ అక్కర్లేదు. నీ జపాన్ గీతలోనే వెయ్యి, పిల్లలకు నచ్చుతుంది. మూలన చిన్నగా నీ పేరు ఉండాలని కూడా అడుగుతా." నంబరు నొక్కబోతూ ఆగాడు. "ఒక్కటి మాత్రం చూసుకో. ఎస్వీఆర్ ముఖం పెట్టకు. ఆ ముఖం ఆయనది."

కోడలు అప్పటికే టాబ్లెట్ మీద కొత్త పేజీ తెరిచింది. కోరమీసం, బొద్దు బుగ్గలు, పైకెత్తిన కనుబొమ్మ రెండు గీతల్లో దిగాయి. చూసుకుని, చెరిపి, మళ్లీ గీసింది. మళ్లీ అదే ముఖం వచ్చింది.

"ఎస్వీఆర్ లేకుండా ఘటోత్కచుడు అంటే ఎవరు గుర్తుపడతారు మామా?"

మామ ఫోను బల్ల మీద పెట్టి, కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాడు. "ముందు కనుబొమ్మ మార్చి చూడు," అన్నాడు.